నోటి పూతకు మూలం లోపల వెతికిన ఎల్లాప్రగడ

చెంచాడు నువ్వుల నూనె నోట్లో పోసుకుని పది పదిహేను నిమిషాలు పుక్కిలించి ఉమ్మేయడమే ఆయిల్ పుల్లింగ్. ఆయుర్వేదం గండూషం, కవళం అన్న పేర్లతో ఎప్పుడో చెప్పిందే. యాప పుల్లతో పళ్లు తోమిన తరం ఇంకా ఉన్న హుజూరాబాద్ ప్రాంతానికి ఇది వింతేమీ కాదు. పళ్ల మీద పాచి కొంత తగ్గుతుందని చిన్నపాటి అధ్యయనాల్లో తేలింది కూడా. బ్రష్ మానకుండా చేసుకుంటే తప్పు లేదు. కానీ నాలుక ఎర్రబడి మండుతున్నా, పూత మళ్లీ మళ్లీ వస్తున్నా నూనెతోనే సరిపెట్టుకునేవాళ్లు ఎల్లాప్రగడ సుబ్బారావు కథ తెలుసుకోవాలి.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుతూ గాంధీజీ పిలుపుతో ఖద్దరు కట్టారు. అది ఇంగ్లిష్ ప్రొఫెసర్‌కు నచ్చలేదు. చివరికి ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికొచ్చింది.

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. స్ప్రూ అనే పేగు జబ్బు సోదరులిద్దరిని కొద్ది రోజుల తేడాతో తీసుకుపోయింది. విరేచనాలు ఆగవు, ఒంట్లో రక్తం తగ్గిపోతుంది, నాలుక పుండై అన్నం ముద్ద మింగనివ్వదు. ఆ జబ్బు సుబ్బారావుకూ సోకింది. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో కోలుకుని, మద్రాసులో ఆయన ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. సంప్రదాయ వైద్యాన్ని ఎగతాళి చేసిన మనిషి కాదన్నమాట. అయినా జబ్బుకు మూలం ఏమిటన్న ప్రశ్న ఆయన్ను వదల్లేదు.

1923లో బోస్టన్ చేరారు. భార్య శేషగిరిని ఇక్కడే వదిలి వెళ్లినవారు మళ్లీ తిరిగి రాలేదు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కండరాల శక్తి రహస్యం విప్పినా అక్కడ శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి మారారు.

అసలు కథ అక్కడుంది. 1931లోనే లూసీ విల్స్ అనే డాక్టరు బొంబాయి గర్భిణుల రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతోందని గమనించారు. అందులో పనిచేస్తున్న పదార్థమేదో తేలడానికి ఏళ్లు పట్టింది. 1945లో సుబ్బారావు బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. స్ప్రూ రోగులకు ఇస్తే రక్తం పట్టింది, నాలుక మానింది. ఈ జబ్బుకు ఇప్పుడు ఫోలిక్ యాసిడ్‌తోపాటు టెట్రాసైక్లిన్ కోవ మందు ఇస్తారు. ఆ కోవలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో ఆయన విభాగం నుంచే వచ్చింది. మన పల్లెల్లో పంచే బోదకాలు మాత్ర డీఈసీ కూడా ఆ బృందానిదే. అదే ఏడు ఆగస్టులో, 53వ ఏట గుండె ఆగి కన్నుమూశారు.

ఆశా కార్యకర్త గర్భిణికిచ్చే ఐరన్ మాత్రలో ఉండేది ఆ ఫోలిక్ యాసిడే. ఇది, బి12, ఐరన్ తగ్గితే ముందుగా చెప్పేది చాలాసార్లు నాలుకే. నూనె పళ్ల మీది పాచిని తాకుతుంది గానీ రక్తంలోని లోటును పూడ్చదు. నాలుక నున్నగా ఎర్రబడి, ఆయాసం, నీరసం తోడైతే హుజూరాబాద్ ఏరియా ఆసుపత్రిలోనో, దగ్గర్లోని పీహెచ్‌సీలోనో రక్తపరీక్ష చేయించుకోండి. రెండు వారాలైనా మానని పుండును, ముఖ్యంగా గుట్కా, తంబాకు అలవాటున్నవాళ్లు, డాక్టరుకు చూపించి తీరాలి. ఫోలిక్ మాత్రలు సొంతంగా కొని మింగొద్దు. బి12 లోపం ఉంటే రక్తం బాగుపడినట్టే కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూ పోతాయి.