వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్

మా కాటేదానునుండి విశాఖపట్టణపు సముద్రతీరము ఆరువందల కిలోమీటర్ల దూరమున నున్నది. మా విద్యార్థులలో సముద్రమును చూచినవారు కొలదిమంది. అయినను ఘాజీ యను పేరు నెరుగనివారు లేరు. 2017వ సంవత్సరమున వెలువడిన తెలుగు చలనచిత్రమే యిందుకు కారణము. అందు మన జలాంతర్గామి యొకటి శత్రు జలాంతర్గామితో పోరాడి దానిని ముంచివేయును. కథ రమ్యముగనే యున్నది గాని, భారత నౌకాదళము చెప్పు వృత్తాంతము వేరు. ఆ వృత్తాంతమునకు సూత్రధారి యైన వాని చరిత్రమును ఇచ్చట వ్రాయదలచితిమి.

నీలకంఠ కృష్ణన్ 1919 జూన్ 8వ తేదీన నాగర్‌కోయిలునందు జన్మించెను. ఆ యూరు అప్పుడు తిరువాన్కూరు సంస్థానములోనిది. యౌవనమున నౌకాదళమున జేరి, రెండవ ప్రపంచయుద్ధమున చూపిన సాహసమునకు డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ పతకమును పొందెను. పిమ్మట విమానవాహక నౌక యగు విక్రాంత్‌నకు కొంతకాలము కెప్టెనుగా నుండెను. 1971లో ఆయన తూర్పు నౌకాదళాధిపతియై విశాఖపట్టణమున నుండగా, ఆ విక్రాంతునే కాపాడవలసిన భారము ఆయనపై బడినది. దాని బాయిలరులలో నొకటి పగిలి, నౌక వేగము తగ్గియుండెను.

ఘాజీ అమెరికాలో 1944న జలప్రవేశము చేసిన డయాబ్లో అను జలాంతర్గామి. 1964లో పాకిస్తానునకు వచ్చినది. విక్రాంతును ముంచుటకై అది 1971 నవంబరు 14న కరాచీనుండి బయలుదేరెను. కృష్ణన్ విక్రాంతును అండమాను దీవులకు పంపివేసి, అది విశాఖయందే యున్నదని లోకమును నమ్మించెను. పెద్ద నౌకకు వలసినంత కాయగూరలు, మాంసము, ధాన్యము కంట్రాక్టరులకు ఆర్డరు చేయించెను. అంగడిలో పుట్టిన మాట యెంత వేగముగా పోవునో మన తల్లులకు చెప్పనక్కరలేదు! రాజపుత్ అను పాత డిస్ట్రాయరును విక్రాంతునకు మారుగా నటింపజేసెను.

డిసెంబరు 3వ తేదీ రాత్రి లెఫ్టినెంట్ కమాండరు ఇందర్ సింగ్ నాయకత్వమున రాజపుత్ రేవు వదలి, నీటిలో అనుమానము గలిగినచోట రెండు డెప్త్ చార్జీలను విడిచెను. అర్ధరాత్రి దాటిన పిమ్మట గొప్ప ప్రేలుడు వినవచ్చెను. తెల్లవారిన తరువాత మత్స్యకారులు నూనె తెట్టును, తేలియాడు వస్తువులను కనుగొనిరి. కాని నూనె తెట్టు మాత్రమే ప్రమాణము కాజాలదు. వేటాడబడు జలాంతర్గామి తాను మునిగినట్లు నమ్మించుటకు నూనెను వదలుట యుద్ధములలో నెరిగిన పన్నాగమే. కావున నిస్తార్ అను నౌకనుండి గజయీతగాండ్రను దింపవలసి వచ్చెను.

ఈ పని యెంత కష్టమో విద్యార్థులు గ్రహింపవలెను. ప్రతి పది మీటర్ల లోతునకు ఒక వాతావరణపు పీడనము హెచ్చును. ఈతగాడు అంత పీడనముగల గాలినే పీల్చవలెను. అప్పుడు నత్రజని రక్తమున కరగును. అతడు తటాలున పైకి వచ్చెనా, సోడాసీసా మూత తీసినప్పటివలె రక్తమున బుడగలు లేచి ప్రాణమునకే ముప్పు. కావున మెట్టు మెట్టుగా ఆగుచు రావలెను. ఇంతియే కాదు, మునిగిన ఆ జలాంతర్గామిలో మందుపాతరలు, టార్పెడోలు ఉండెను. ఈ అపాయములన్నిటికి నోర్చి వారు దానిని తాకి, అది ఘాజీయే యనియు, ముందుభాగము ప్రేలుడుచే ఛిద్రమైనదనియు తెలిసికొనిరి. డిసెంబరు 9న గాని ఆ వార్త ప్రకటింపబడలేదు.

అది రాజపుత్ దెబ్బకు మునిగెనా, తాను మోసికొనివచ్చిన మందుపాతరలే ప్రేలి మునిగెనా యను వివాదము నేటికిని తీరలేదు. పాకిస్తానువారు రెండవదియే నిజమందురు. మా మట్టుకు, కృష్ణన్ పన్నిన ఉపాయము ఏ పక్షమైనను తక్కువ కాదని తోచుచున్నది. విక్రాంతు చెక్కుచెదరక యుద్ధమునకు నిలిచినది గదా. అయినను విజయమును చెప్పుకొనునప్పుడు, లోపలనే మిగిలిన తొంబదిమందికి పైబడిన నావికులకును తల్లులుండిరని మరువరాదు. ఘాజీని పైకి తీసెదమని అమెరికా, రష్యాలు కోరగా మన ప్రభుత్వము సమ్మతింపలేదు. 2024లో మన నౌకాదళము జలాంతర రక్షణ వాహనముతో దానిని మరల గుర్తించియు, మృతులయెడ గౌరవముచే తాకక విడిచెను.

1971 డిసెంబరు 16న ఢాకాలో జరిగిన లొంగుబాటు సమయమున కృష్ణన్ అచ్చట నుండెను. ఆ యుద్ధసేవకు ఆయనకు పద్మభూషణ బిరుదము లభించెను. తరువాత కొచ్చిన్ షిప్‌యార్డునకు అధ్యక్షుడై, 1982లో దివంగతుడయ్యెను. ఆనాటి నిస్తార్ పేరిట విశాఖ హిందూస్థాన్ షిప్‌యార్డునందు నిర్మింపబడిన క్రొత్త నౌక, ఈతగాండ్ర పనికే యేర్పడినది, 2025 జూలై 18న నౌకాదళమున జేరినది.