బానిస బజారు నుంచి వజీరు పీఠం దాకా - తూనిస్ ఖైరుద్దీన్ పాషా

మన చరిత్రలోని ఎవరైనా ఒక పెద్దమనిషి గురించి సావనీరుకి రాసివ్వమని కార్యదర్శి సాహెబ్ అడిగినప్పుడు, పిల్లల పాఠ్యపుస్తకాల్లో వచ్చే పేరు కాకుండా వేరే ఎవరినైనా తీసుకుందామనిపించింది. సుల్తానుల సంగతులు, పాదుషాల సంగతులు మనకి తెలిసినవే. కాని ఒక రాజు కొలువులో వజీరుగా ఉంటూ ఖజానా లెక్క అడిగిన మనుషులు ఎక్కడోగాని కనపడరు. ఆఫ్రికా ఖండానికి ఉత్తరాన, మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న తూనిస్ రాజ్యానికి 1873 నుంచి 1877 వరకు ప్రధానమంత్రిగా పనిచేసిన ఖైరుద్దీన్ పాషా అలాంటివారు. ఆ దేశాన్నే ఇప్పుడు ట్యునీషియా అంటున్నాం.

ఆయన పుట్టుకతో తూనిస్ వారు కారు, అరబ్బు కూడా కారు. 1820 తర్వాత ఒకటి రెండేళ్ళలో కాకసస్ కొండల్లో చెర్కెస్ జాతిలో పుట్టారు. తండ్రి రష్యావాళ్ళతో పోరాటంలో చనిపోయాడని అంటారు. చిన్నతనంలోనే ఆ పిల్లవాణ్ణి ఇస్తాంబూల్ తెచ్చి బానిసగా అమ్మేశారు. తహసీన్ బే అనే ఒక పెద్ద అధికారి కొని, తన కొడుక్కి తోడుగా ఇంట్లో పెట్టుకున్నాడు. ఆ బాబుతోపాటు ఈ పిల్లవాడికీ చదువు అబ్బింది. తర్వాత ఆ బాబు చనిపోయాడు. తోడు అవసరం తీరిపోయింది కనక ఖైరుద్దీన్‌ని మళ్ళీ అమ్మేశారు. ఈసారి కొన్నది తూనిస్ రాజు అహ్మద్ బే తరఫు మనిషి. 1840 ప్రాంతంలో, ఇరవై ఏళ్ళయినా నిండని వయసులో, ఆయన తూనిస్ నగరం పక్కనున్న బార్డో రాజప్రాసాదానికి చేరారు. పెద్దయ్యాక తన వాళ్ళ కోసం వెతికించారట గాని, తల్లిదండ్రులెవరో, ఏ ఊరో ఆయనకి చివరిదాకా తెలియలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. తూనిస్ రాజులని బేలు అనేవారు. పేరుకి తుర్కీ సుల్తాను కింద సామంతులు, నిజానికి తమ రాజ్యం తాము ఏలుకునే హుసైనీ వంశంవారు. వాళ్ళు బయటినుంచి కొనుక్కొచ్చిన కుర్రాళ్ళని మమ్లూకులని పిలిచి, చదివించి, సైన్యంలోను దర్బారులోను పెద్ద పదవులిచ్చేవారు. సొంత బంధువులు, సొంత ఊరు లేని మనిషి రాజుకి తప్ప ఇంకెవరికీ విధేయుడు కాడని వాళ్ళ లెక్క. అదే అహ్మద్ బే 1846లో తన రాజ్యంలో బానిసత్వాన్ని రద్దు చేశాడు. ఖైరుద్దీన్ మాత్రం అప్పటికే సైన్యంలో పైకి వస్తున్నారు. అరబ్బీ, ఫ్రెంచి రెండూ పట్టుదలగా నేర్చుకున్నారు. ఆ సంవత్సరమే బేతో కలిసి ఫ్రాన్సు చూసి వచ్చారు.

మహమూద్ బిన్ అయ్యాద్ అని తూనిస్ ప్రభుత్వానికి పన్నుల గుత్తేదారు ఒకడుండేవాడు. 1852లో ప్రభుత్వ సొమ్ము పెద్ద ఎత్తున మూట కట్టుకుని పారిస్ పారిపోయాడు. పైగా తూనిస్ ప్రభుత్వమే తనకి బాకీ ఉందని ఎదురు దావా వేశాడు. ఆ కేసు నడపడానికి ఖైరుద్దీన్‌ని పారిస్ పంపారు. నాలుగేళ్ళు అక్కడే ఉండి, కాగితాలు ఒక్కొక్కటీ తిరగేసి, చివరికి గుత్తేదారు దావా చాలావరకు కొట్టివేయించారు. ఆ నాలుగేళ్ళూ ఆయనకి రెండో బడి అయ్యాయి. పార్లమెంటు, కోర్టులు, బ్యాంకులు, బళ్ళు ఎలా నడుస్తున్నాయో దగ్గరుండి చూశారు. ఫ్రెంచివాళ్ళ బలం వాళ్ళ ఫిరంగుల్లో కాదు, చట్టంలోను చదువులోను ఉందని ఆయనకి అక్కడే అర్థమైంది.

1857లో తిరిగి వచ్చాక నౌకాశాఖ మంత్రి అయ్యారు. ఆ ఏడే ముహమ్మద్ బే, మతం ఏదైనా రాజ్యంలో అందరి ప్రాణానికి, ఆస్తికి, మానానికి రక్షణ ఉంటుందని ఫర్మానా జారీ చేశాడు. 1861లో సాదిఖ్ బే హయాంలో ఏకంగా రాజ్యాంగమే వచ్చింది. అరబ్బు దేశాల్లో మొట్టమొదటి లిఖిత రాజ్యాంగం అదేనని చెబుతారు. దాని ప్రకారం ఏర్పడిన పెద్ద మజ్లిస్‌కి ఖైరుద్దీన్ అధ్యక్షులు. చట్టం ముందు మంత్రులు కూడా జవాబు చెప్పుకోవాలనేది ఆయన పట్టుదల. గొడవ అక్కడే వచ్చింది.

ఎందుకంటే ఆనాటి ప్రధానమంత్రి ముస్తఫా ఖజ్నదార్ ఆయనకి స్వయానా పిల్లనిచ్చిన మామ. అతనిదీ ఇంచుమించు ఇదే కథ. గ్రీకుదేశపు కియోస్ ద్వీపంలో పుట్టి, 1822 నాటి మారణకాండలో చిక్కి, బానిసగా అమ్ముడుపోయి తూనిస్ చేరాడు. 1837లో ఖజానా చేతికొచ్చింది. ఆ తర్వాత ముప్పై ఆరేళ్ళు ముగ్గురు బేల దగ్గర అధికారం అతనిదే. ఒకే బజారులో అమ్ముడుపోయిన ఇద్దరు పిల్లలు, ఒకే దర్బారులో పెరిగారు. ఒకడు ఖజానాని తన సొంత పెట్టె అనుకున్నాడు, రెండోవాడు అమానతు అనుకున్నాడు. మామ చేసే అప్పుల మీద, గుత్తల మీద అల్లుడి మజ్లిస్ సంతకం పెట్టడానికి ఒప్పుకోలేదు. అలాగని మామని దించే బలమూ ఆ మజ్లిస్‌కి లేదు. 1862లో ఖైరుద్దీన్ అన్ని పదవులకీ రాజీనామా ఇచ్చి ఇంటికి వెళ్ళిపోయారు. ఇంట్లో ఆడవాళ్ళ ముఖం చూసైనా మామతో సర్దుకుపోవచ్చుగదా అని ఆనాడు చాలామంది అనుకునే ఉంటారు. మన ఊళ్ళలో ముతవల్లీల లెక్కలు అడిగిన అల్లుళ్ళకి ఏమి జరుగుతుందో మనకి తెలియంది కాదు.

తర్వాత జరిగినది చూడండి. 1863లో ఖజ్నదార్ పారిస్‌లో 35 మిలియన్ ఫ్రాంకుల అప్పు తెచ్చాడు. దళారులు, కమీషన్లు పోను చేతికి వచ్చింది చాలా తక్కువ, వడ్డీతో కట్టవలసింది దాదాపు రెట్టింపు. దాన్ని తీర్చడానికి మజ్బా అనే తలపన్నుని 36 పియాస్టర్ల నుంచి 72కి పెంచారు. 1864లో రాజ్యమంతా తిరగబడింది. అలీ బిన్ గజాహిం అనేవాడు తెగలన్నింటినీ కూడగట్టాడు. తిరుగుబాటుని కర్కశంగా అణిచారు, రాజ్యాంగాన్నీ ఆ సాకుతో మూలపెట్టారు. పైనుంచి కలరా, కరువు. 1869 నాటికి ప్రభుత్వం దివాళా తీసింది. అప్పులవాళ్ళ తరఫున ఫ్రాన్సు, ఇంగ్లండు, ఇటలీ మూడూ కలిసి ఒక అంతర్జాతీయ ఆర్థిక సంఘాన్ని తెచ్చి తూనిస్ నెత్తిన కూర్చోబెట్టాయి.

ఈలోగా ఖైరుద్దీన్ ఊరికే కూర్చోలేదు. దేశాల స్థితిగతులు తెలుసుకోవడానికి సరైన దారి ఏది అనే అర్థం వచ్చే పేరుతో అరబ్బీలో పెద్ద గ్రంథం రాసి 1867లో అచ్చు వేయించారు. దాంట్లో యూరపు దేశాల వివరాలు ఒక్కొక్కటిగా ఉన్నాయి గాని, అసలు ప్రాణం దాని ముందుమాటలో ఉంది. ఫిరంగీల బట్టలు, బల్లలు, కుర్చీలు, తుపాకులు కొనుక్కోవడానికి అడ్డురాని షరియత్, వాళ్ళ దగ్గరున్న మంచి పద్ధతులు నేర్చుకోవడానికి మాత్రం ఎందుకు అడ్డొస్తుందని ఆయన ఉలమాని ప్రశ్నించారు. మేలైన విషయం ఎవరి దగ్గరున్నా తీసుకోవచ్చని, పైగా వాటిలో చాలావరకు ఒకప్పుడు మనవేనని వాదించారు. రాజు సంప్రదింపులు లేకుండా ఏలితే రాజ్యం పాడవుతుందని కూడా జంకు లేకుండా రాశారు. మరుసటి ఏడే ఆ ముందుమాట పారిస్‌లో ఫ్రెంచిలో వచ్చింది.

1869లో ఆర్థిక సంఘం ఏర్పడినప్పుడు దాని అధ్యక్ష స్థానంలో కూర్చోడానికి బేకి ఖైరుద్దీన్ తప్ప వేరే దిక్కు కనపడలేదు. సంఘం అప్పులన్నీ కూడి, బేరమాడి, 125 మిలియన్ ఫ్రాంకులకి తెచ్చింది. ఆ లెక్కల్లోనే ఖజ్నదార్ చేసిన మోసాలు ఒక్కొక్కటీ బయటపడ్డాయి. 1873 అక్టోబరులో బే అతణ్ణి తీసేసి, ఆస్తులు జప్తు చేయించి, అల్లుణ్ణి ప్రధానమంత్రిని చేశాడు.

నాలుగేళ్ళకి కొంచెం తక్కువ కాలం ఆ పదవిలో ఉన్నారు. రైతుల పాత పన్ను బాకీలు మాఫీ చేశారు. ఏటా పన్ను పేరుతో పల్లెల మీదికి సైన్యాన్ని తోలే పద్ధతి ఆపారు. కొత్తగా నాటిన ఆలివ్ చెట్లకి, ఖర్జూరపు చెట్లకి కొన్నేళ్ళపాటు పన్ను లేదన్నారు. పంటలో అయిదో వంతుకి పనిచేసే పాలేర్లకి, భూమి గలవాళ్ళకి మధ్య నిబంధనలు రాయించారు. తాను వచ్చేనాటికి 60 వేల హెక్టార్లున్న సాగు, దిగేనాటికి పది లక్షలైందని ఆయనే తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నారు. తన పని గురించి తాను చెప్పుకున్నది కనక కొంచెం తగ్గించి చూసుకున్నా, తక్కువేమీ కాదు.

వక్ఫ్ ఆస్తుల్ని అక్కడ హబూస్ అంటారు. అవి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు తినేస్తూ ఉండేవారు. 1874లో వాటన్నింటికీ కలిపి ఒక సంస్థ పెట్టి, ముహమ్మద్ బైరం అనే ఆలింకి అప్పగించారు.

ఇకపోతే నాకు అన్నిటికన్న ముఖ్యమనిపించేది 1875లో తెరిచిన సాదికియా మదరసా. బే పేరే దానికి పెట్టారు. మొదట 150 మంది పిల్లలు. ఫీజు లేదు, హాస్టలులో ఉండేవాళ్ళకి తిండి, బట్ట కూడా ఉచితమే. ఖురాన్, అరబ్బీ, షరియత్ విద్యలు చెబుతూనే లెక్కలు, సైన్సు, తుర్కీ, ఫ్రెంచి, ఇటాలియన్ కూడా నేర్పేవారు. ఒకే కప్పు కింద రెండు రకాల చదువులూ. ఖర్చు ఎక్కడిదంటారా? ఖజ్నదార్ దగ్గర జప్తు చేసిన ఆస్తుల్నే ఆ బడికి వక్ఫ్ రాశారు. ప్రజల దగ్గర దోచిన సొమ్ము ప్రజల పిల్లల చదువుకి చేరింది. మన దేశంలో అలీగఢ్‌లో సర్ సయ్యద్ బడి మొదలైందీ సరిగ్గా ఆ 1875లోనే. రెండు చోట్లా ఒకే బాధ, ఒకే మందు.

వందల ఏళ్ళనాటి జైతూనా మసీదు విద్యాపీఠంలోనూ పాఠ్యక్రమం, పరీక్షలు, ఉపాధ్యాయుల మీద పర్యవేక్షణ పెట్టారు. మాస్టర్లు సణుక్కున్నారట. ఇనస్పెక్షను అంటే మేము ఇప్పటికీ సణుక్కుంటాం, అది వేరే సంగతి. అదే కాలంలో ఒక ప్రజా గ్రంథాలయం ఏర్పాటు చేసి, తన సొంత వ్రాతప్రతులు వెయ్యికి పైగా దానికి ఇచ్చేశారు.

కాని రాజు రాజే. సాదిఖ్ బేకి తన ఖర్చుకి లెక్క చెప్పే వజీరు నచ్చలేదు. ముస్తఫా బిన్ ఇస్మాయిల్ అనే అందగాడైన కుర్రవాడు బేకి ప్రీతిపాత్రుడై చెవి కొరకడం మొదలుపెట్టాడు. విదేశీ కాన్సళ్ళు ఎవరి స్వార్థం వాళ్ళు చూసుకున్నారు. 1877లో రష్యాతో యుద్ధంలో తుర్కీకి సాయం పంపాలని ఖైరుద్దీన్ అనడం కూడా వాళ్ళకి గిట్టలేదు. ఆ జులైలో పదవి పోయింది. మరుసటి ఏడు సుల్తాన్ అబ్దుల్ హమీద్ ఇస్తాంబూల్ రమ్మని పిలిచి, 1878 డిసెంబరులో ఏకంగా ఉస్మానియా సామ్రాజ్యానికే ప్రధాన వజీరుని చేశాడు. చిన్నప్పుడు తనని అమ్మిన నగరంలోనే ఆయన ఆ పీఠం ఎక్కారు. అక్కడా అదే కథ. మంత్రులకి బాధ్యతతోపాటు అధికారమూ ఉండాలని అడిగారు, సుల్తాను ఇవ్వలేదు, 1879 జులైలో దిగిపోయారు. తర్వాత మళ్ళీ పిలిచినా ఒప్పుకోలేదు.

ఆయన జీవితంలో నాకు మింగుడుపడని విషయం ఒకటుంది, దాన్ని దాచడం న్యాయం కాదు. అన్‌ఫీదా అనే చోట బే ఆయనకి పెద్ద జాగీరు ఇచ్చాడు, దాదాపు లక్ష హెక్టార్లు. దేశం విడిచాక, కొత్త పాలకులు తన ఆస్తులు దక్కనివ్వరన్న భయంతో 1880లో దాన్ని ఒక ఫ్రెంచి కంపెనీకి అమ్మేశారు. పక్క భూమి తనదంటూ ఇంగ్లీషు రక్షణలో ఉన్న ఒక వ్యాపారి షుఫా హక్కు, అంటే పొరుగువాడికి ముందు కొనే హక్కు, అడ్డుపెట్టాడు. తగాదా రెండు దేశాల దాకా పోయింది. 1881 మేలో ఫ్రెంచి సైన్యం తూనిస్‌లో దిగి బే చేత బార్డోలో సంతకం పెట్టించడానికి చూపిన సాకుల్లో ఈ తగాదా కూడా ఒకటి. పరాయివాళ్ళ చేతికి రాజ్యం పోకూడదని జన్మంతా లెక్కలు చూసిన మనిషి, తన భూమిని పరాయివాళ్ళకే అమ్మారు. అప్పటి ఆయన ఇబ్బంది అర్థమవుతుంది, అయినా మనసు ఒప్పుకోదు. అమ్మకపోయినా ఫ్రెంచివాళ్ళు వచ్చేవారే అని చరిత్రకారులు అంటారు, అదీ నిజమే కావచ్చు.

చివరి సంవత్సరాలు ఇస్తాంబూల్‌లో గడిపారు. కీళ్ళు సహకరించని ఆ రోజుల్లో తన జీవితకథని పిల్లల కోసం ఫ్రెంచిలో చెప్పి రాయించారు. 1890 జనవరి 30న ఇంతకాల్ అయ్యారు.

సాదికియాలో చదివిన పిల్లలే తర్వాతి కాలంలో ఆ దేశ స్వాతంత్ర్య పోరాటానికి ముందు నిలిచారు. వారిలో ఒకరైన హబీబ్ బూర్గీబా 1956లో ఆఖరి బే దగ్గర ప్రధానమంత్రి అయి, మరుసటి సంవత్సరం రాచరికాన్నే తీసేసి తొలి రాష్ట్రపతి అయ్యారు. ఆయన హయాంలోనే, 1968లో, ఖైరుద్దీన్ పాషా అవశేషాలను ఇస్తాంబూల్ నుంచి తెచ్చి తూనిస్ మట్టిలో దఫన్ చేశారు.