పాత మాట, కొత్త మాట: పునీత జెరోము జీవితం

ఏటా సెప్టెంబరు 30న అంతర్జాతీయ అనువాద దినోత్సవం జరుగుతుంది. 2017లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కూడా ఆ రోజుకు గుర్తింపు ఇచ్చింది. కతోలిక శ్రీసభ పంచాంగంలో అది పునీత జెరోము పండుగ రోజు కావడమే ఆ తేదీని ఎంచుకోవడానికి కారణం. బైబులును లాటిన్‌లోకి తెచ్చిన పండితుడిగా ఆయన పేరు మనలో చాలామంది వినే ఉంటారు. కానీ ఆ పని చేసినందుకు ఆయన సాటి కతోలికుల చేత ఎన్ని మాటలు పడ్డారో, తరువాతి కాలంలో అదే పుస్తకం కదపరానిదిగా ఎలా మారిందో తెలిసినవారు తక్కువ. ఆరాధన భాష మార్చాలా, పవిత్ర గ్రంథంలోని పాత మాటలు సరిదిద్దాలా అనే వాదనలు కతోలికుల మధ్య నేటికీ సాగుతున్నాయి. అవి ఎంత పాతవో జెరోము జీవితం చూస్తే అర్థమవుతుంది.

జెరోము సుమారు క్రీ.శ. 347లో స్ట్రిడోన్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. దల్మేషియా, పనోనియా అనే రోమన్ రాష్ట్రాల సరిహద్దులో ఉండేది ఆ ఊరు. తండ్రి కాస్త కలిగినవారు కావడంతో కొడుకును చదువు కోసం రోము నగరానికి పంపారు. అక్కడ దొరికిన గురువు ఏలియస్ డోనాటస్. మనకు చిన్నయసూరి బాలవ్యాకరణం ఎలాగో, యూరపు బడులకు డోనాటస్ వ్యాకరణం అలాగ. వందల ఏళ్లపాటు అక్కడి పిల్లలు దానితోనే లాటిన్ నేర్చుకున్నారు. ప్రతి మాటకూ మూలం వెతకడం, పాఠాంతరాలు పోల్చి చూడడం అనే అలవాటు జెరోముకు ఆ తరగతి గదిలోనే అబ్బింది. ఆదివారాలు తోటి విద్యార్థులతో కలిసి భూగర్భ సమాధుల్లో వేదసాక్షుల గోరీలు చూసి వచ్చేవారు. రోములోనే జ్ఞానస్నానం పొందారు.

చదువు ముగిశాక దేశాలు తిరిగి సిరియాలోని అంతియోకియ చేరారు. అక్కడ తీవ్రంగా జబ్బుపడినప్పుడు ఒక కల వచ్చింది. న్యాయపీఠం ముందు నిలబడి తాను క్రైస్తవుడినని చెప్పుకుంటే, కాదు, సిసెరో శిష్యుడివని తీర్పు వచ్చిందట. లాటిన్ సాహిత్యం మీద ఆయనకున్న మోజు అంతటిది. ఆ తరువాత ఖాల్కిస్ ఎడారికి వెళ్లి తపస్సులో గడిపారు. మనసు నిలవక, దాన్ని కట్టిపడేయడానికి కొత్త చదువు ఒకటి పెట్టుకున్నారు. క్రైస్తవం స్వీకరించిన ఒక యూదుని దగ్గర హీబ్రూ అక్షరాలు దిద్దడం మొదలుపెట్టారు. గొంతులోంచి పలకాల్సిన ఆ అక్షరాలు నోరు తిరగక ఎన్నోసార్లు వదిలేశారు, మళ్లీ పట్టుకున్నారు. లాటిన్‌లో ఆరితేరిన పండితుడు ముప్పయ్యో పడికి దగ్గరపడుతూ మళ్లీ ఓనమాల దగ్గర కూర్చోవడం చిన్న సంగతి కాదు.

382లో జెరోము రోముకు తిరిగి వచ్చి పోపు దమాసుస్‌కు కార్యదర్శిగా పనిచేశారు. అప్పటికి లాటిన్ సువిశేషాల ప్రతులు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. ఎవరికి తోచినట్టు వారు అనువదించారు, నకలు రాసేవారు కునికిపాట్లు పడుతూ తప్పులు చేర్చారు, దిద్దేవారు వాటిని ఇంకా పాడుచేశారు. గ్రీకు మూలంతో పోల్చి వీటిని సరిచేయమని పోపు కోరారు. జెరోము నాలుగు సువిశేషాలను సవరించి పోపుకు సమర్పించారు. చిన్నప్పటి నుంచి చెవికి అలవాటైన మాట మారితే, చదువుకున్నవారూ చదువుకోనివారూ కలిసి తనను దొంగరాతగాడని తిడతారని ముందుమాటలోనే రాసుకున్నారు. అందుకే అవసరమైన చోట తప్ప పాత మాటలు కదపలేదు. అయినా తిట్లు తప్పలేదు. ఆయనా ఊరుకోలేదు, విమర్శకులను గాడిదలతో పోల్చారు.

నోటి దురుసు ఆయనకు జీవితాంతం శత్రువైంది. రోములోని గురువుల ఆడంబరాలను ఎగతాళి చేస్తూ లేఖలు రాశారు. ఆయన దగ్గర లేఖనాలు చదువుకున్న మార్సెల్లా, పౌలా వంటి గొప్పింటి స్త్రీలు ఆయనను ఎంతో గౌరవించారు. అయితే పౌలా కూతురు బ్లెసిల్లా కఠిన ఉపవాసాలు చేసి చిన్న వయసులోనే చనిపోయినప్పుడు నగరం జెరోమునే తప్పుపట్టింది. 384 డిసెంబరులో పోపు దమాసుస్ కన్నుమూయడంతో అండ పోయింది. మరుసటి ఏడు ఆయన రోము విడిచి వెళ్లారు, మళ్లీ తిరిగి రాలేదు.

386లో బెత్లెహేములో స్థిరపడ్డారు. పౌలా తన ఆస్తితో అక్కడ మఠాలు, యాత్రికులకు సత్రం కట్టించారు. ఆమె, మరో కూతురు యుస్తోకియం కూడా హీబ్రూ నేర్చుకున్నారు. జెరోముకు బార్ అనీనా అనే యూదు గురువు దొరికారు. తోటి యూదులు ఏమంటారోనని ఆయన రాత్రివేళ వచ్చి పాఠం చెప్పేవారు. క్రైస్తవుల్లోనూ దీన్ని తప్పుపట్టినవారు ఉన్నారు. తెలిసినవారి దగ్గరే నేర్చుకోవాలన్నది జెరోము పట్టుదల.

అప్పటికి లాటిన్‌లో ఉన్న పాత నిబంధన హీబ్రూ నుంచి నేరుగా వచ్చినది కాదు. క్రీస్తుకు పూర్వం యూదులు తయారుచేసుకున్న సెప్టువజింట్ అనే గ్రీకు అనువాదం నుంచి వచ్చింది. డెబ్బైమంది పెద్దలు దైవప్రేరణతో దాన్ని చేశారని నమ్మకం. అపొస్తలులు ఉదహరించినదీ ఎక్కువగా అదే. జెరోము మొదట ఆ గ్రీకు ఆధారంగానే కీర్తనలు మొదలైనవి సవరించారు. ఎన్ని సవరణలు చేసినా అది నీడను సరిచేయడమే తప్ప వస్తువును చూడడం కాదని ఆయనకు తోచింది. సుమారు 390లో హీబ్రూ మూలం నుంచి నేరుగా అనువాదం మొదలుపెట్టి, 405 ప్రాంతంలో పూర్తిచేశారు. పదిహేనేళ్ల పని.

ఈ పనిని ప్రశ్నించినవారిలో అందరికంటే పెద్దవారు ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పీఠాధిపతి పునీత అగస్టీను. ఆయన అభ్యంతరం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. గ్రీకు మాటపై సందేహం వస్తే అడగడానికి గ్రీకు తెలిసినవారు ఎందరో ఉన్నారు. హీబ్రూ తెలిసినవారు ఎవరున్నారు? జెరోము ఒక్కరి మాట మీద లాటిన్ సభలన్నీ మారిపోతే, సెప్టువజింట్ చదివే గ్రీకు సభలతో చీలిక రాదా? అందుకు ఆయన ఒక సంఘటన కూడా రాశారు. నేటి లిబియాలోని ట్రిపోలీ నగరానికి అప్పటి పేరు ఓయా. అక్కడి పీఠాధిపతి జెరోము అనువాదాన్ని గుడిలో చదివించారు. యోనా ప్రవక్తకు నీడనిచ్చిన మొక్క పేరు పాత అనువాదంలో సొర అని ఉండేది. కొత్త దానిలో ఐవీ తీగ అని వినిపించింది. తరతరాలుగా విన్న మాట మారేసరికి గుడిలో పెద్ద గొడవ లేచింది. ఊళ్లోని యూదులను అడిగితే వారు పాత మాటనే బలపరిచారు. జనం తనను వదిలిపోతారని భయపడి పీఠాధిపతి వెనక్కి తగ్గాల్సి వచ్చింది.

జెరోము జవాబు రాశారు. హీబ్రూలో ఆ మొక్క పేరు కికాయోన్. ద్రాక్షాకుల వంటి వెడల్పాటి ఆకులతో, దట్టమైన నీడతో, ఏ ఊతమూ లేకుండా తన కాండం మీదే నిలబడే మొక్క అది. దానికి లాటిన్‌లో పేరు లేదు. హీబ్రూ పేరే ఉంచితే ఎవరికీ అర్థం కాదు, సొర అంటే మూలంలో లేనిది చెప్పినట్టవుతుంది. అందుకే అంతకు ముందు హీబ్రూ నుంచి గ్రీకులోకి తెచ్చిన ఇతర అనువాదకుల దారిలో ఐవీ అన్నారు. ఆ వర్ణన చదివితే మన చేలగట్ల మీద పెరిగే ఆముదం చెట్టు గుర్తుకు రాకమానదు. నేటి పండితుల్లో ఎక్కువమంది కూడా అది ఆముదమే అంటారు. అంటే, మూలానికి దగ్గరగా వెళ్లాలన్న జెరోము పట్టు సరైనదే అయినా, ఆయన వేసిన మాటా చెట్టుకు సరిపోలేదు. తెలుగువారు ఎక్కువగా చదివే పాత ప్రొటెస్టెంటు అనువాదంలో నేటికీ అక్కడ సొరచెట్టే ఉంది.

అగస్టీను మొదటి లేఖ ఏళ్ల తరబడి జెరోముకు అందలేదు. ఈలోగా దాని నకళ్లు ఇతరుల చేతుల్లో తిరిగాయి. తన వెనక ఎవరో దెబ్బతీస్తున్నారని జెరోము మండిపడ్డారు. అగస్టీను తగ్గి, ఓపికగా నచ్చజెప్పారు. చివరికి ఇద్దరూ తమ తమ అభిప్రాయాలతోనే స్నేహితులుగా మిగిలారు. చివరి రోజుల్లో రాసిన ఒక గ్రంథంలో ఆమోసు ప్రవక్త మాటలను అగస్టీను జెరోము అనువాదం నుంచే తీసుకున్నారు. అయినా సెప్టువజింట్ మీద గౌరవం వదులుకోలేదు.

చిన్ననాటి మిత్రుడు రుఫీనుస్‌తో మాత్రం అలా జరగలేదు. ఓరిజెన్ అనే పాత వేదాంతి రచనల మీద మొదలైన వివాదం తగవుగా ముదిరింది. యూదుని దగ్గర చదువుకున్నావని, కలలో ఒట్టు పెట్టుకుని కూడా బెత్లెహేములో పిల్లలకు వర్జిల్ పాఠాలు చెబుతున్నావని రుఫీనుస్ ఎత్తిపొడిచారు. జెరోము అంతకు రెట్టింపు తిట్టారు. మిత్రుడు చనిపోయాక కూడా ఆయన కలం మెత్తబడలేదు. శ్రీసభ ఆయనను పునీతునిగా గౌరవించినా ఈ మచ్చను ఎవరూ దాచలేదు.

అదే కలం పసిపిల్లల దగ్గర ఎంతో మృదువుగా ఉండేది. పౌలా మనవరాలికి చదువు ఎలా చెప్పాలో తల్లికి వివరంగా రాశారు. దంతంతోనో కొయ్యతోనో అక్షరాలు చేయించి ఆటబొమ్మల్లా ఇవ్వాలి. తోటి పిల్లలతో కలిసి నేర్పాలి. ఆలస్యమైతే కసరకూడదు, మెచ్చుకోలుతో ముందుకు నడపాలి. చదువంటే చిన్నతనంలోనే విరక్తి పుట్టకూడదు. పదహారు వందల ఏళ్ల కిందటి ఈ సలహాలో నేటి ఉపాధ్యాయులు మార్చాల్సింది పెద్దగా ఏమీ లేదు.

404లో పౌలా మరణం ఆయనను కుంగదీసింది. 410లో గోతులు రోమును కొల్లగొట్టారు. అక్కడి నుంచి కట్టుబట్టలతో వచ్చినవారితో బెత్లెహేము నిండిపోతే, వ్యాఖ్యానం పక్కనపెట్టి వారికి ఆశ్రయం చూపించారు. 416లో ఒక మూక మఠాల మీద పడి నిప్పుపెట్టింది. 420లో యిర్మీయా గ్రంథ వ్యాఖ్యానం సగంలో ఉండగా ఆయన కన్నుమూశారు.

ఆయన అనువాదం ఒక్కసారిగా గెలవలేదు. రెండు వందల ఏళ్ల తరువాత కూడా పోపు మహా గ్రెగోరి పాతదీ కొత్తదీ రెండూ వాడారు. మెల్లగా అదే వుల్గాతా, అంటే అందరూ వాడే గ్రంథం అయింది. 1546లో ట్రెంట్ మహాసభ దాన్ని శ్రీసభకు ప్రామాణిక గ్రంథంగా ప్రకటించింది. ఒకప్పుడు దుడుకైన కొత్తదిగా కనిపించినది ఇప్పుడు పూర్వుల ఆస్తి అయింది. 1943లో సెప్టెంబరు 30న, సరిగ్గా జెరోము పండుగ నాడే, పోపు 12వ భక్తినాథుడు హీబ్రూ, గ్రీకు మూలాలకు తిరిగి వెళ్లమని పండితులను ప్రోత్సహించారు. రెండవ వాటికన్ మహాసభ 1963లో ఆరాధనలో ప్రజల భాషకు తలుపు తెరిచింది. మన గుడుల్లో లాటిన్ పూజ స్థానంలో తెలుగు పూజ వినిపించడం ఆ నిర్ణయం ఫలితమే. అప్పుడు బాధపడినవారు, నేటికీ లాటిన్ పూజను, వుల్గాతాను అంటిపెట్టుకున్నవారు ఉన్నారు. వారు అడ్డుపెట్టేది జెరోము గ్రంథం. కొత్త అనువాదాలు చేసేవారు నడిచేది జెరోము దారి. ఇద్దరూ ఆయన వారసులే.

వుల్గాతా కట్టులోనే దీనికి ఒక చిన్న సాక్ష్యం ఉంది. జెరోము కీర్తనలను హీబ్రూ నుంచి కూడా అనువదించారు. పండితుల దృష్టిలో అదే మూలానికి దగ్గర. కానీ జనం పాడుకుంటూ కంఠస్థం చేసుకున్నవి ఆయన అంతకు ముందు గ్రీకు ఆధారంగా సవరించిన కీర్తనలు. వాటిని పెకలించడం ఎవరి వల్లా కాలేదు. చివరికి పాత నిబంధనలో ఎక్కువ భాగం హీబ్రూ నుంచి వచ్చిన కొత్త మాటలతోనూ, కీర్తనలు మాత్రం నోటికి వచ్చిన మాటలతోనూ ఒకే పుస్తకంగా కలిసిపోయాయి. ఎవరూ ఓడిపోకుండా ఆ రెండూ వెయ్యేళ్లకు పైగా ఒకే అట్టల మధ్య ఉన్నాయి.