జార్జ్ గేలార్డ్ సింప్సన్

జార్జ్ గేలార్డ్ సింప్సన్ (జూన్ 16, 1902 - అక్టోబరు 6, 1984) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ పురాజీవ శాస్త్రవేత్త. ప్రాచీన క్షీరదాలు ఖండం నుండి ఖండానికి ఎలా వ్యాపించాయో శిలాజాల ఆధారంగా వివరించినవారిలో ఈయన అగ్రగణ్యుడు.

బాల్యము, విద్య

సింప్సన్ చికాగో నగరంలో జన్మించి డెన్వర్‌లో పెరిగాడు. 1926లో యేల్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు. రాక్షసి బల్లుల కాలంలో వాటి నీడన బ్రతికిన చిన్న చిన్న క్షీరదాలు ఈయన పరిశోధనాంశం. వాటిలో చాలావరకు మిగిలినవి పళ్ళు, దవడ ముక్కలు మాత్రమే. 1927లో న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో చేరాడు. 1944లో వెలువడిన 'టెంపో అండ్ మోడ్ ఇన్ ఎవల్యూషన్' ఈయనకు విశేషమైన కీర్తి తెచ్చింది.

పటగోనియా యాత్రలు

1930-31, 1933-34 సంవత్సరాలలో అర్జెంటీనాలోని పటగోనియాలో శిలాజాలు సేకరించాడు. దక్షిణ అమెరికా కోట్ల సంవత్సరాల పాటు ద్వీపఖండంగా ఉన్నందున అక్కడ మరెక్కడా లేని గిట్టల జంతువులు, కడుపున సంచి గల మాంసాహారులు వృద్ధి చెందాయి. దాదాపు 30 లక్షల సంవత్సరాల క్రితం పనామా భూసంధి ఏర్పడగా ఉత్తరాది జంతువులు దక్షిణానికి, దక్షిణాది జంతువులు ఉత్తరానికి తరలిపోయాయి. ఈ రాకపోకలను సింప్సన్ విపులంగా అధ్యయనం చేశాడు.

మూడు దారులు

జంతువుల వలస మార్గాలను ఈయన మూడు రకాలుగా విభజించాడు. మొదటిది దాదాపు అన్ని జీవులూ నడవగల విశాలమైన భూమార్గం. రెండవది జల్లెడ వంటిది. హిమయుగాలలో సముద్రమట్టం తగ్గినపుడు ఆసియా, అలాస్కాల మధ్య బేరింగ్ ప్రాంతంలో నేల బయటపడేది. అయితే అక్కడి చలికి తట్టుకోగలిగిన మామత్ వంటి జంతువులే దాటగలిగాయి, వెచ్చదనం కోరేవి ఆగిపోయాయి. అంటే దారి ఉంటే చాలదు, వాతావరణం కూడా అనుకూలించాలి. మూడవది లాటరీ వంటిది. కొట్టుకుపోయే చెట్ల మోపులపై ఏ కొద్ది జీవులో సముద్రం దాటి ద్వీపాలకు చేరడం. మడగాస్కర్ జంతుజాలాన్ని ఈయన ఇలాగే వివరించాడు. అప్పటి సముద్ర ప్రవాహాలు ఇందుకు అనుకూలించేవని 2010లో ఒక కంప్యూటర్ అధ్యయనం చూపింది.

ఖండ చలనంపై వ్యతిరేకత

ఖండాలు కదులుతాయన్న వాదాన్ని సింప్సన్ చాలాకాలం అంగీకరించలేదు. క్షీరదాల వ్యాప్తికి స్థిరమైన ఖండాలే చాలునని 1943లో వాదించాడు. ఈ వాదం పూర్తిగా నిరాధారం కాదు. ఆధునిక క్షీరదాలు విస్తరించేనాటికి ఖండాలు చాలావరకు విడిపోయి ఉన్నాయి. అయినా ఆయనంతటి పండితుని మాట ఖండ చలన వాదానికి అమెరికాలో పెద్ద ఆటంకమైంది. 1960ల తరువాత బలమైన సాక్ష్యాలు రాగా తన అభిప్రాయం మార్చుకున్నాడు. 1982లో అంటార్కిటికాలో దొరికిన సంచి జంతువు శిలాజం, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికాల మధ్య ఒకప్పుడు ఆ మార్గం ఉండేదన్న వాదాన్ని బలపరచింది.

భారతదేశం కూడా అలా కదిలివచ్చినదే. తెలంగాణలోని నస్కల్ వద్ద లావా పొరల నడుమ దొరికిన డెక్కనోలెస్టెస్ అనే చిన్న క్షీరదాన్ని 1988లో వర్ణించారు. సముద్రం మధ్యనున్న భారత భూభాగంలో యురేషియా జీవులను పోలిన జంతువు ఎలా ఉన్నదనే చర్చలో సింప్సన్ మూడవ దారి ప్రస్తావనకు వస్తుంది.

చివరి సంవత్సరాలు

1956లో బ్రెజిల్ యాత్రలో చెట్టు మీద పడి కాలు తీవ్రంగా దెబ్బతిన్నది. పలు శస్త్రచికిత్సలు అవసరమయ్యాయి. 1959లో హార్వర్డ్‌కు, 1967లో అరిజోనా విశ్వవిద్యాలయానికి మారాడు. భార్య ఆన్ రో మనస్తత్వ శాస్త్రవేత్త, ఒక గ్రంథానికి సహరచయిత్రి. దక్షిణ అమెరికా క్షీరదాల చరిత్రపై 1980లో ఒక పుస్తకం ప్రచురించాడు. 1984లో టూసాన్ నగరంలో మరణించాడు.