శక్తిరహస్యము విప్పిన గోదావరి బిడ్డ

కాకినాడలో చదువుకొను విద్యార్థులలో మల్లాడి సత్యలింగం నాయకరుగారి ధర్మసంస్థ పేరు వినని వారరుదు. ఆ దాత బర్మాలో ఆర్జించిన ధనమును ధర్మకార్యములకు విడిచిపోయెను. ఆ సంస్థ ఒకప్పుడొక పేద వైద్యునకు విదేశవిద్యకై సాయము చేయుదుమని మాట ఇచ్చెను. ఆ మాటవలన కలిగిన ఫలమును నేటికిని లోకమంతయు అనుభవించుచున్నది. ఆ వైద్యుడు యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. బాల్యమున చదువుపై మనసు నిలువలేదు. యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడను కావలెనని కాశీకి బయలుదేరగా తల్లి వెనుకకు రప్పించెను. రాజమహేంద్రవరమున చదివి, మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసులో గట్టెక్కెను. పరీక్ష తప్పిన విద్యార్థికి ఉపాధ్యాయులు తప్పక చెప్పదగిన సంగతి ఇది.

మద్రాసు వైద్యకళాశాలలో చదువునపుడు గాంధీజీ పిలుపు విని, ఖద్దరుతో కుట్టిన దుస్తులు ధరించి శస్త్రచికిత్సాలయమున ప్రవేశించెను. ఆంగ్లేయుడైన ఆచార్యునకు అది ఆగ్రహకారణమయ్యెను. తుదకు ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కలేదు; అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. ప్రభుత్వవైద్యశాఖలో కొలువు దొరకక, ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రము బోధించెను. ఆయన సోదరులిరువురు స్ప్రూ అను గ్రహణిరోగముచే ఎనిమిది దినముల వ్యవధిలో మరణించిరి. మందు తెలియని రోగము ఇంటిని కూల్చుట కన్నులార చూచిన ఆయనకు మందు వెదకుటయే జీవితమయ్యెను.

కాకినాడ ధర్మసంస్థ వాగ్దానముతోను, మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి సాయముతోను ఆయన బోస్టను నగరము చేరెను. వైద్యుడై యుండియు, పొట్టకై రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడిగెను. 1924లో హార్వర్డున ఉష్ణమండల వైద్యమున డిప్లొమా పొంది, ఆచార్య సైరస్ ఫిస్క్ చెంత పరిశోధనకు పూనుకొనెను. రక్తములోని భాస్వరమును కొలుచుటకు వారిరువురు 1925లో ప్రకటించిన విధానము ప్రయోగశాలలన్నిటను వాడుకకు వచ్చెను.

కండరమునకు కదలుటకు శక్తి ఎచటినుండి వచ్చును? లాక్టిక్ ఆమ్లమే మూలమని అప్పటి శాస్త్రజ్ఞుల విశ్వాసము. ఫిస్క్, సుబ్బారావులు 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను కనుగొని ఆ విశ్వాసమును కదల్చిరి. రెండవదానిని అదే కాలమున జర్మనీలో లోమన్ కూడ కనుగొనెను. దీనినే ఏ.టి.పి. అందురు. ఏ.టి.పి. వంటయింటి కుండలోని బియ్యము వంటిది, ఎప్పటికప్పుడు వాడుకొందుము. ఫాస్ఫోక్రియాటిన్ గాదెలోని ధాన్యము వంటిది. కుండ తఱిగినపుడు నింపును.

ఈ ఏ.టి.పి.ని తయారుచేయు ఎంజైము పేరు ఏ.టి.పి. సింథేజ్. ధవళేశ్వరము ఆనకట్ట ఎగువ నిలిచిన నీరు తూముగుండ దూకి చక్రమును త్రిప్పినట్లు, పలుచని పొరకు ఒకవైపున నిండిన ప్రోటానులు ఈ ఎంజైముగుండ ప్రవహించి దానిని త్రిప్పును. ఇది కణము లోపలి మైటోకాండ్రియాలలోనే యుండునని చిరకాలము తలచిరి. 1999లో రక్తనాళముల లోపొర కణముల వెలుపలి తలమునను, 2003లో కాలేయకణముల వెలుపలి తలమునను ఇది కనబడెను. కొన్ని కాన్సరు కణములపైనను కలదు. రక్తనాళముల పెరుగుదలను అడ్డు పదార్థమొకటి దీనినే అంటిపట్టుకొనుటచే, కాన్సరు పరిశోధకుల దృష్టి ఇటు మరలినది. సుబ్బారావు తెఱచిన వాకిట ఇంకను క్రొత్త గదులు బయటపడుచున్నవి.

ఇంత చేసినను హార్వర్డు ఆయనకు స్థిరమైన ఆచార్యపదవి నీయలేదు. 1940లో ఆయన లెడర్లీ ప్రయోగశాలలలో చేరెను. అచట ఆయన నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారైనది. సోదరులను పొట్టబెట్టుకొన్న స్ప్రూకు మందు అదియే. దానిని పోలిన అమినోప్టెరిన్ రక్తకాన్సరుతో బాధపడు పిల్లలకు కొంతకాలమైనను ఉపశమనము కలిగించినట్లు 1948లో ఫార్బర్ ప్రకటించెను. గోదావరి మండలమును తరతరములుగా పీడించిన బోదకాలునకు హెట్రజాన్ ఆ ప్రయోగశాలనుండియే వెలువడెను. డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ వెనుకను సుబ్బారావు ప్రోత్సాహము కలదు.

1948 ఆగస్టులో, 53 ఏండ్ల ప్రాయమున, ఆయన అమెరికాలోనే కన్నుమూసెను. ఆ దేశపు పౌరసత్వము స్వీకరింపలేదు; స్వదేశమునకును మరలి రాలేదు. 1919లో పెండ్లాడిన శేషగిరి భర్తను మరల చూడనేలేదు. ఆయన ఘనతను లెక్కించువారు ఆ ఇల్లాలి నిరీక్షణను లెక్కింపకుండుట న్యాయము కాదు. 1995లో, శతజయంతి సందర్భమున, మన ప్రభుత్వము ఆయన పేర తపాలాబిళ్ల వెలువరించెను. మన పల్లెలలో బోదకాలు మాత్ర మ్రింగినవారిలో ఎందఱకు ఆ పేరు తెలియును? తెలియజేయు భారము బడిపంతుళ్లది.