నడుముకు ఏ బోర్? బ్రౌనింగ్ బతుకులో జవాబు

ఊరికి దూరంగా మామిడి తోటలో నేనూ, నా భార్యా ఇద్దరమే ఉంటాం. రెండుసార్లు దొంగలు పడ్డారు. అందుకే సైన్యం నుంచి వచ్చేసిన చాలా ఏళ్లకు మళ్లీ తుపాకీ కొనడానికి లైసెన్సు తీసుకున్నాను. సర్వీసులో నా నడుముకు వేలాడింది ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన 9 ఎంఎం పిస్టల్. పౌరుడిగా మారాక దాన్ని పెట్టుకోవడానికి వీల్లేదు. మన ఆయుధ నిబంధనల్లో 9 ఎంఎం నిషిద్ధ బోర్. మామూలు లైసెన్సుదారుకు చేతి తుపాకీ అంటే ఆచరణలో పాయింట్ 32. దుకాణంలో దాన్ని చేతిలోకి తీసుకుంటే బొమ్మలా తోచింది. నడిరాత్రి ప్రాణం మీదికొస్తే ఇంత చిన్న తూటాను నమ్ముకోవచ్చా?

ఆ అనుమానంతో పాత పుస్తకాలు తిరగేస్తే ఒక సంగతి తేలింది. నేను వదిలేసిన పిస్టల్‌కు, కొనబోతున్న తూటాకు మూలపురుషుడు ఒక్కడే. జాన్ మోజెస్ బ్రౌనింగ్.

ఆయన 1855లో అమెరికాలోని యూటా ప్రాంతంలో ఆగ్డెన్ పట్టణంలో పుట్టాడు. తండ్రి జొనాథన్ తుపాకుల మిస్త్రీ. ముగ్గురు భార్యలు, 22 మంది సంతానం. ఆ ఇంట్లో పిల్లాడికి ఆట స్థలం తండ్రి కొట్టే. పదేళ్లు దాటీ దాటకముందే తుక్కు ఇనుముతో తుపాకీ చేశాడు. 1879లో తొలి పేటెంట్ వచ్చింది. 1883లో వించెస్టర్ కంపెనీ ఆ రైఫిల్ హక్కుల్ని 8 వేల డాలర్లకు కొనుక్కుంది. ఒక పోటీలో తుపాకీ పేలినప్పుడు గొట్టం మూతి దగ్గర గడ్డి పక్కకు ఒరగడం చూసి, వృథాగా పోతున్న ఆ వాయువుతోనే తుపాకీని నడిపించవచ్చని గ్రహించాడు. మెషిన్ గన్ల కథ వేరే పెద్దది, దాన్ని వదిలేస్తున్నాను.

మనకు కావలసింది 1899. బెల్జియంలో లీజ్ నగరం పక్కనే ఉన్న ఎఫ్ఎన్ కర్మాగారం కోసం ఆయన రూపొందించిన చిన్న పిస్టల్‌తో పాటే 7.65 ఎంఎం తూటా పుట్టింది. మనం పాయింట్ 32 అంటున్నది దీన్నే. జేబులో పట్టాలి, పదేపదే పేలాలి, చెయ్యి అదరకూడదు. యూరప్ పోలీసులకు అది సరిపోయింది.

అమెరికా సైన్యానికి సరిపోలేదు. ఫిలిప్పీన్స్ యుద్ధంలో పాయింట్ 38 రివాల్వర్ తూటాలు తగిలినా కొందరు మోరో యోధులు ఆగకుండా మీదికి వచ్చారు. 1904లో కెప్టెన్ థాంప్సన్, మేజర్ లాగార్డ్ అనే అధికారులు షికాగో కబేళాలో పశువుల మీద, ఆ పరీక్షల్లోనే మనుషుల శవాల మీద తూటాలు పేల్చి చూశారు. పాయింట్ 45కు తగ్గకూడదని తేల్చారు. ఆ పరీక్ష పద్ధతి శాస్త్రీయంగా ఎంత బలహీనమో తర్వాతి తరాలు చెప్పుకున్నాయి. చదివితే నాకూ కడుపులో తిప్పింది. బ్రౌనింగ్ మాత్రం సైన్యం అడిగింది చేసి ఇచ్చాడు. 1911 మార్చి పరీక్షలో ఆయన పాయింట్ 45 పిస్టల్ 6 వేల తూటాలు పేల్చినా మొరాయించలేదు.

రెంటికీ తేడా ఎంత? పాయింట్ 32 తూటా దాదాపు నాలుగున్నర గ్రాములు, పాయింట్ 45ది 15. తగిలినప్పటి శక్తి సుమారు మూడింతలు. కానీ ఖాళీ పిస్టల్ కూడా కిలో దాటుతుంది. చొక్కా కింద రోజూ మోసి చూస్తే ఆ కిలో విలువ తెలుస్తుంది.

చిన్న తూటా పనికిరాదనేవాళ్లు చరిత్ర చూడాలి. 1914లో సరయెవోలో గావ్రిలో ప్రిన్సిప్ పేల్చింది బ్రౌనింగ్ గీసిన ఎఫ్ఎన్ పిస్టల్నే. అందులోది 1908లో ఆయన తెచ్చిన పొట్టి 9 ఎంఎం తూటా. 1948 జనవరి 30న బిర్లా హౌస్‌లో మహాత్ముడి ప్రాణం తీసిన బెరెట్టాలోనూ అదే రకం. ఇక అలహాబాద్ మ్యూజియంలో చంద్రశేఖర్ ఆజాద్ కోల్ట్ పిస్టల్ ఉంది. అదీ బ్రౌనింగ్ నమూనానే, పాయింట్ 32. 1931 ఫిబ్రవరి 27న ఆల్ఫ్రెడ్ పార్కులో ఆయన ఒంటరిగా పోలీసుల్ని నిలువరించింది దానితోనే. అయితే వాళ్లెవరూ చీకట్లో నిద్రలేచి వణికే చేత్తో గురిపెట్టలేదు. నా లెక్క వేరు.

బ్రౌనింగ్ చివరి పని జేబుకూ యుద్ధానికీ మధ్యది. ఫ్రెంచి సైన్యం ఎక్కువ తూటాలు పట్టే పిస్టల్ కావాలంది. ఆయన మొదలుపెట్టాడు కానీ 1926 నవంబర్ 26న లీజ్‌లోని కర్మాగారంలోనే గుండె ఆగి చనిపోయాడు. 128 పేటెంట్లు మిగిల్చాడు. ఆ పిస్టల్‌ను డ్యూడొనె సైవ్ పూర్తిచేశాడు. 1935లో బయటికొచ్చింది, మ్యాగజీన్‌లో 13 తూటాలు. రెండో ప్రపంచ యుద్ధంలో కెనడాలోని ఇంగ్లిస్ కంపెనీ తయారుచేసింది. అక్కడి నుంచి ఇషాపూర్‌కు, నా నడుముకు.

కొనేముందు ఒక మిత్రుడి పాయింట్ 32తో రేంజ్‌లో కూర్చున్నాను. విరిగి అతికిన నా కుడి మణికట్టుకు అది నొప్పి పుట్టించలేదు. ఏడు గజాల దూరంలో వరసగా పేల్చిన ఎనిమిదీ అరచేతి వెడల్పులో పడ్డాయి. సర్వీసు చివర్లో 9 ఎంఎంతో నాకు అంత దగ్గరగా పడేవి కావు. అదే కొన్నాను. లైసెన్సు మీద ఏడాదికి ఇచ్చే తూటాల్లో ఒక్క మ్యాగజీన్ ఉంచుకుని మిగతావన్నీ సాధనకే వాడుతున్నాను. తోట గేటుకు కొత్త దీపాలు, ఒక కుక్క కూడా వచ్చాయి. దొంగలు మళ్లీ రాలేదు, బహుశా కుక్క వల్లే.