స్కాన్ పేరులో బతికున్న డాప్లర్

స్కానింగ్ సెంటర్ బోర్డు మీద డాప్లర్ అన్న మాట చూడనివారు అరుదు. కడుపులో బిడ్డకు రక్తం సరిగా అందుతోందా అని చూడాలన్నా, కాళ్లలో సిరలు ఉబ్బినా, గుండె కవాటం లీకవుతోందన్న అనుమానం వచ్చినా డాక్టర్లు చీటీ మీద రాసేది ఆ పరీక్షే. పక్షవాతం వచ్చిన మనిషి మెదడులో రక్తం ఎలా పారుతోందో, కోలుకునే అవకాశం ఎంతో అంచనా వేయడానికీ అది పనికొస్తోంది. చాలామంది అది యంత్రం పేరో, కంపెనీ పేరో అనుకుంటారు. నిజానికి అదొక లెక్కల మాస్టారి పేరు. వైద్యంతో ఆయనకున్న సంబంధమల్లా రోగిగానే.

రాతిపని ఇంట్లో పుట్టి...

క్రిస్టియన్ డాప్లర్ 1803 నవంబరు 29న ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో పుట్టారు. ఆ ఇంటివారిది తరతరాలుగా రాతిపని. కానీ ఈ పిల్లాడిది చిన్నప్పటి నుంచీ పీల శరీరం. సుత్తి, ఉలి పట్టే బలం లేదు. దాంతో చదువు వైపు మళ్లించారు. లెక్కల్లో చురుకుదనం గమనించిన ఉపాధ్యాయుడు సైమన్ స్టాంఫర్ సలహాతో 1822లో వియన్నా పాలిటెక్నిక్‌లో చేరారు.

చదువైతే అబ్బింది కానీ ఉద్యోగం అంత తేలిగ్గా దొరకలేదు. వియన్నాలో నాలుగేళ్లు సహాయకుడిగా పనిచేశాక ఆ గడువు తీరిపోయింది. బతుకుతెరువు కోసం ఏడాదిన్నర పాటు నూలు మిల్లులో లెక్కలు రాసే గుమస్తాగా ఉన్నారు. దరఖాస్తు మీద దరఖాస్తు పెట్టి విసిగిపోయి, ఇక అమెరికా వెళ్లిపోదామని సామాను అమ్ముకున్నారు. ప్రయాణం సంగతి మాట్లాడటానికి మ్యూనిక్‌లోని అమెరికా కాన్సులేట్‌కు కూడా వెళ్లొచ్చారు. సరిగ్గా ఆ సమయంలో, 1835లో, ప్రాగ్‌లోని ఒక సాంకేతిక పాఠశాల నుంచి పిలుపు వచ్చింది. మరుసటి ఏడాది మెథిల్డా స్టర్మ్‌ను పెళ్లాడారు. వారికి అయిదుగురు పిల్లలు.

వినడానికి వచ్చింది కొద్దిమందే

1842 మే 25న ప్రాగ్‌లోని రాయల్ బొహీమియన్ విజ్ఞాన సంఘంలో డాప్లర్ ఒక పత్రం చదివారు. వినడానికి వచ్చినవారు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. జంట నక్షత్రాల రంగుల గురించిన ఆ పత్రంలో చెప్పిన సంగతి చాలా సులువైనది. శబ్దమైనా, కాంతైనా దాన్ని పుట్టించే వస్తువు మన వైపు వస్తుంటే తరంగాలు దగ్గరదగ్గరగా వచ్చి తాకుతాయి. దూరంగా పోతుంటే ఎడంఎడంగా వస్తాయి.

రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు ఇది మీ చెవులకే తెలుస్తుంది. రైలు దగ్గరకొచ్చేటప్పుడు కూత సన్నగా, కీచుగా వినిపిస్తుంది. మనల్ని దాటగానే ఒక్కసారిగా బొంగురుపోతుంది. కూత మారలేదు. మారింది రైలు వచ్చే దిశ, పోయే దిశ. ఆ తేడాను కొలిస్తే వేగం ఎంతో చెప్పేయొచ్చు.

1845లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త బైస్ బాలట్ దీన్ని పరీక్షకు పెట్టారు. యుట్రెక్ట్ దగ్గర రైలు బండి మీద బాకా వాయించేవారిని ఎక్కించి, స్వరజ్ఞానం ఉన్న సంగీతకారులను పట్టాల పక్కన నిలబెట్టారు. అప్పటికి శబ్దాన్ని కొలిచే పరికరాలు లేవు. చెవే కొలబద్ద. స్వరంలో తేడా డాప్లర్ లెక్క ప్రకారమే వచ్చింది. అయితే నక్షత్రాల రంగులకు కారణం వాటి కదలికేనన్న ఆయన ఊహ మాత్రం నిలవలేదు. సూత్రం సరైనదే, దానికి ఎంచుకున్న ఉదాహరణే పొరపాటు.

ఊపిరి అందని రోజులు

ప్రాగ్‌లో డాప్లర్‌కు పని భారం విపరీతం. వందలాది విద్యార్థులకు తనే పరీక్షలు పెట్టి, తనే దిద్దాలి. మరీ కఠినంగా మార్కులు వేస్తున్నారని ఆయన మీద ఫిర్యాదులు, విచారణలు. అప్పటికే ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. సెలవు మీద సెలవు పెట్టాల్సి వచ్చేది. 1847లో స్లొవేకియా ప్రాంతంలోని గనుల అకాడమీకి మారితే, మరుసటి ఏడాదే అక్కడ విప్లవం అల్లకల్లోలం. తిరిగి వియన్నా చేరారు.

1850 జనవరిలో వియన్నా విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర సంస్థకు తొలి డైరెక్టర్ అయ్యారు. తర్వాతి కాలంలో బఠాణీ మొక్కలతో వంశపారంపర్య సూత్రాలు కనిపెట్టిన గ్రెగర్ మెండెల్ అక్కడ ఆయన దగ్గర చదివినవారే. ఇంతలో 1852లో ప్రముఖ గణితవేత్త పెట్జ్‌వాల్ దాడికి దిగారు. నాలుగు వరుసల చిన్న లెక్కతో తేలే విషయం గొప్ప శాస్త్రం కాజాలదన్నది ఆయన వాదన. డాప్లర్ గట్టిగానే సమాధానం చెప్పారు. కానీ ఒంట్లో సత్తువ మిగల్లేదు. వెచ్చటి గాలి మేలు చేస్తుందన్న ఆశతో ఆ ఏడాది నవంబరులో వెనిస్ వెళ్లారు. 1853 మార్చి 17న అక్కడే కన్నుమూశారు. అప్పటికి వయసు 49. భార్య చివరి రోజుల్లో ఆయన్ను చేరుకోగలిగారు.

నక్షత్రాల నుంచి నరాల దాకా

డాప్లర్ సూత్రం శరీరంలోకి రావడానికి మరో వందేళ్లు పట్టింది. 1950ల రెండో సగంలో జపాన్‌లోని ఒసాకాలో షిగెవో సతోమురా అల్ట్రాసౌండ్‌తో గుండె కదలికను, తర్వాత రక్తప్రవాహాన్ని పట్టుకున్నారు. ఇక్కడ రైలు స్థానంలో ఉన్నది ఎర్ర రక్తకణం. మనం పంపిన శబ్ద తరంగం దాన్ని తాకి వెనక్కి వస్తుంది. కణం మన వైపు వస్తుంటే ఒకలా, దూరంగా పోతుంటే ఒకలా.

మెదడు దగ్గర మాత్రం పుర్రె అడ్డం. 1982లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో రూన్ ఆస్లిడ్ బృందం దారి కనిపెట్టింది. కణత దగ్గర ఎముక పల్చగా ఉంటుంది. అక్కడ 2 మెగాహెర్ట్జ్ తరంగాన్ని పంపితే లోపలికి వెళ్లి తిరిగొస్తుంది. దీన్నే ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్, పొట్టిగా టీసీడీ అంటారు. మెదడులోని ప్రధాన ధమనిలో రక్తం సెకనుకు 50 సెంటీమీటర్ల వేగంతో మన వైపు వస్తోందనుకోండి. వెళ్లిన తరంగానికీ, వచ్చిన తరంగానికీ మధ్య తేడా 1,300 హెర్ట్జ్ దాకా ఉంటుంది. అది మన చెవికి వినిపించే స్థాయి. అందుకే ఈ పరీక్ష చేసేటప్పుడు యంత్రం నుంచి హుష్... హుష్ అని నాడితో పాటే చప్పుడు వస్తుంది.

కోలుకుంటారా?

పక్షవాతం వచ్చిన ఇంట్లో అందరి మనసులో ఉండేది ఒకటే ప్రశ్న. మళ్లీ నడుస్తారా, మాట్లాడతారా అని. జవాబులో కొంత భాగం టీసీడీ చెబుతుంది. గడ్డ అడ్డుపడిన ధమనిలో ప్రవాహాన్ని 0 నుంచి 5 వరకు గ్రేడ్లుగా చూస్తారు. 0 అంటే ప్రవాహం జాడే లేదు. 5 అంటే మామూలుగా ఉంది. తొలి గంటల్లో గ్రేడు తక్కువగా ఉన్నవారిలో దెబ్బ ఎక్కువగా, కోలుకోవడం నెమ్మదిగా ఉంటుంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చాక ప్రవాహం ఎంత త్వరగా తిరిగొస్తే అంత మంచి సూచన. పక్క రక్తనాళాలు సాయానికి వస్తున్నాయా అన్నదీ తెలుస్తుంది. మంచం దగ్గరే, రేడియేషన్ లేకుండా, ఎన్నిసార్లైనా చేయొచ్చు.

సికిల్ సెల్ జబ్బున్న పిల్లల్లోనైతే ఇది పక్షవాతం రాకముందే హెచ్చరిస్తుంది. మెదడు ధమనిలో సగటు వేగం సెకనుకు 200 సెంటీమీటర్లు, అంతకు మించి ఉన్న పిల్లలకు క్రమం తప్పకుండా రక్తం ఎక్కిస్తే స్ట్రోక్ ముప్పు దాదాపు 90 శాతం తగ్గిందని 1998లో అమెరికా అధ్యయనం తేల్చింది. సికిల్ సెల్ కనిపించే మన గిరిజన ప్రాంతాలకు ఇది ముఖ్యమైన సంగతి.

అయితే ఇది జాతకం కాదు. కొందరిలో, ముఖ్యంగా వయసు పైబడిన మహిళల్లో కణత ఎముక దళసరిగా ఉండి తరంగం లోపలికి పోదు. చేసేవారి చేతి నైపుణ్యం మీద ఫలితం ఆధారపడుతుంది. రక్తనాళం పూడిందా, చిట్లిందా తేల్చాలంటే ముందు సీటీ లేదా ఎంఆర్ఐ ఉండాల్సిందే. వయసు, బీపీ, షుగర్, మెదడులో దెబ్బతిన్న చోటు, ఆ తర్వాత చేసే ఫిజియోథెరపీ... ఇవన్నీ కలిస్తేనే కోలుకోవడం. తొలి రిపోర్టు బాగాలేదని వ్యాయామాలు మానేయకూడదు, బాగుందని మందులు ఆపేయకూడదు.

అన్నిటికన్నా ముందు గుర్తుంచుకోవాల్సింది గడియారం. మూతి వంకరపోయినా, ఒక చేయి వాలిపోయినా, మాట తడబడినా పసరు మందులు, నాటు వైద్యం అంటూ ఆగకండి. వెంటనే 108కు ఫోన్ చేసి, స్ట్రోక్ చికిత్స ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. లక్షణాలు మొదలైన సమయాన్ని కాగితం మీద రాసిపెట్టుకోండి. డాక్టరు అడిగే మొదటి ప్రశ్న అదే.